కంపెనీలు, పన్నులు, అప్పులు: సికింద్రాబాద్‌లో సరిహద్దులు దాటిన సొమ్ము, దాని వెనక వచ్చిన చట్టాలు

సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ చౌరస్తా నుంచి బేగంపేట వైపు సాగే సర్దార్ పటేల్ రోడ్డు పొడవు పెద్దదేమీ కాదు. దేశంలో బ్యాంకులు, కంపెనీల నియంత్రణ గురించి రాసేవాళ్ళు మాత్రం ఆ రోడ్డును దాటి పోలేరు. 2004లో మూతపడ్డ గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు ప్రధాన కార్యాలయం, 2009లో లెక్కల మోసం బయటపడ్డ సత్యం కంప్యూటర్ సర్వీసెస్ రిజిస్టర్డ్ ఆఫీసు, రెండూ ఆ రోడ్డు మీదివే. ఒకదాంట్లో ప్రపంచ బ్యాంకు అనుబంధ సంస్థ వాటాదారు. మరొకదాని షేర్లు న్యూయార్క్‌లో చేతులు మారేవి. వ్యాపారం ఒక చోట, వాటాదారులు ఇంకో చోట, చట్టం మరో చోట ఉన్నప్పుడు ఎవరి లెక్కలు ఎవరు చూడాలి, నష్టపోయినవాళ్ళకు ఎవరు కట్టాలి, పన్ను ఏ దేశానికి చెందాలి అనేవే అంతర్జాతీయ ఆర్థిక విధానంలో అసలు ప్రశ్నలు. హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాల్లో వాటికి రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్రలో పదేపదే కనబడేది ఒకటే: సొమ్ము ఎక్కడ పోయినా, పరిహారం మాత్రం చట్టానికి పట్టున్న చోటికే చేరింది.

హాలీ, కల్దార్

1798లో కుదిరిన సైన్య సహకార ఒప్పందం ప్రకారం ఈస్టిండియా కంపెనీ దళాలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన మకాం వేశాయి. మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో ఆ మకాం సికింద్రాబాద్ అయింది. చెరువుకు ఇవతల నిజాం పాలన, అవతల కంపెనీ దండు. నాణేలు కూడా వేరే. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా రూపాయి చెలామణీ అయ్యేది. దండులో బ్రిటిష్ ఇండియా రూపాయి, జనం మాటలో కల్దార్. చివరి దశలో ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు లెక్క. రాజ్యంలోకి వచ్చే సరుకు మీద కరోడ్‌గిరి, అంటే కస్టమ్స్ సుంకం ఉండేది. రాజ్యాన్ని భారత్‌లో కలిపిన పోలీసు చర్య జరిగిన కొన్నేళ్ళకు, 1950లలో హాలీ చెలామణీ ఆగింది. ఒకే ఊరిలాంటి ఊళ్ళో మారకపు రేటు చూసుకుని బేరమాడిన తరం ఇక్కడ ఉండేది.

బ్రిటిష్ అధికారుల అజమాయిషీలో నిజాం పోషించిన సైన్యం ఖర్చే మొదటి ఆర్థిక కుంభకోణానికి మూలం. జీతాలు నెలనెలా ఇవ్వాలి. శిస్తు పంట వచ్చాకే వస్తుంది. ఆ సందులోకి విలియం పామర్ అండ్ కంపెనీ దూరింది. కంపెనీ జనరల్‌కూ అవధ్ బేగంకూ పుట్టిన విలియం పామర్ ఒకప్పుడు నిజాం సైన్యంలో పనిచేసినవాడు. 1814 ప్రాంతంలో బ్రిటిష్ రెసిడెన్సీ నీడలో ఈ వ్యాపారం మొదలుపెట్టి, పేష్కార్ చందూలాల్ నడిపే ప్రభుత్వానికి నూటికి 24 వడ్డీకి అప్పులిచ్చాడు.

బ్రిటిష్ ప్రజలు దేశీయ రాజులకు అనుమతి లేకుండా అప్పులివ్వకూడదని పార్లమెంటు 1797లోనే చట్టం చేసింది. అంతకుముందు ఆర్కాటు నవాబుకు అప్పులిచ్చినవాళ్ళు చేసిన గందరగోళం నుంచి పుట్టిన నిషేధం అది. అయినా 1816లో గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ పామర్ సంస్థకు మినహాయింపు ఇచ్చాడు. సంస్థ భాగస్వాముల్లో సర్ విలియం రంబోల్డ్ ఒకడు. హేస్టింగ్స్ సంరక్షణలో పెరిగిన అమ్మాయికి భర్త. నియమాన్ని రద్దు చేయనక్కర్లేదు, మినహాయింపు రాస్తే చాలు. ఈ పద్ధతి ఆ తర్వాత కూడా చాలామందికి పనికొచ్చింది.

1820లో రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ లెక్కలు తవ్వాడు. గవర్నర్ జనరల్ ఆగ్రహించినా వెనక్కి తగ్గలేదు. చివరికి 1823లో అప్పు తీర్చిన తీరు కోస్తా పాఠకులు తెలుసుకోవలసింది. ఉత్తర సర్కారుల కోసం కంపెనీ నిజాంకు ఏటా 7 లక్షల రూపాయల పేష్కష్ కట్టేది. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న నేలకు అది కౌలు లాంటిది. ఆ శాశ్వత హక్కును 1 కోటి 16 లక్షల చిల్లర ఏకమొత్తానికి కంపెనీ కొనేసింది. నిజాం చేతికి వచ్చిన ఆ సొమ్ముతో పామర్ బాకీ తీరింది. మరుసటి ఏడాది పామర్ సంస్థ దివాలా తీసింది. సర్కారు జిల్లాల మీద నిజాంకు మిగిలిన చివరి ఆదాయం ఒక వడ్డీ వ్యాపారపు చిట్టాలో జమ పడి పోయింది.

లండన్ కంపెనీలు

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. దాన్ని విస్తరించడానికి 1883లో లండన్‌లో ఒక కంపెనీ పెట్టారు: నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. పేరులోని ‘గ్యారంటీడ్’ అలంకారం కాదు. పెట్టిన పెట్టుబడి మీద నూటికి 5 వడ్డీ ఇరవై ఏళ్ళపాటు నిజాం ఖజానా ఇస్తుందన్న హామీ అది. రైలు నష్టపోయినా లండన్ వాటాదారుకు వడ్డీ ఆగదు. విమానాశ్రయాలకూ రహదారులకూ కనీస ఆదాయ హామీల గురించి ఇవాళ జరిగే వాదనంతా అప్పుడే మొదలైంది. చాందా రైల్వే పథకం పేరుతో జరిగిన ఆ చర్చలో ప్రశ్నలడిగినందుకు తర్వాత నిజాం కాలేజీగా మారిన కళాశాలకు చెందిన అఘోరనాథ్ చటోపాధ్యాయను, అంటే సరోజినీ నాయుడి తండ్రిని, 1883లో నగరం నుంచి పంపేశారు. రైల్వేను నిజాం ప్రభుత్వం కొనుక్కున్నది 1930లో.

గని కథ ఇంకా ఘాటైనది. రాజ్యంలోని ఖనిజాల మీద 99 ఏళ్ళ హక్కు 1886లో వాట్సన్, స్టూవర్ట్ అనే ఇద్దరికి దక్కింది. దాన్ని హైదరాబాద్ దక్కన్ కంపెనీకి అమ్మారు. కంపెనీ మూలధనం కాగితం మీద పది లక్షల పౌండ్లు. అందులో అత్యధిక భాగం డబ్బు కట్టకుండానే పూర్తిగా చెల్లించినట్టు చూపిన షేర్లుగా ఆ గని హక్కు పొందినవాళ్ళకే వెళ్ళింది. వాళ్ళు ఆ షేర్లను లండన్ మార్కెట్లో ఎక్కువ ధరకు అమ్ముకున్నారు. కొన్నవాళ్ళలో సాక్షాత్తూ నిజాం ప్రభుత్వం ఉంది. ప్రభుత్వం తరఫున బేరం నడిపిన అధికారి అబ్దుల్ హక్ షేర్లే ప్రభుత్వం చేతికి వచ్చాయి. బయటపడ్డాక అతని పదవి పోయింది. 1888లో బ్రిటిష్ కామన్స్ సభ సెలెక్ట్ కమిటీ వేసి విచారణ జరిపింది. హైదరాబాద్ ఖజానాకు జరిగిన నష్టాన్ని విచారించే అధికారం హైదరాబాద్‌కు లేదు; కంపెనీ లండన్‌ది కాబట్టి సాక్ష్యాలు లండన్‌లోనే. ఆ గని హక్కు నుంచే తర్వాత సింగరేణి కాలరీస్ పుట్టింది. 1920లో కంపెనీగా నమోదై, లండన్ స్టాక్ ఎక్స్ఛేంజీకెక్కి, 1945లో నిజాం ప్రభుత్వ వశమైంది. ఇప్పుడు తెలంగాణకు 51, కేంద్రానికి 49 శాతం వాటా.

1991 తర్వాత

విదేశీ మారకం అడుగంటి, ఐఎంఎఫ్ దగ్గర అప్పు తీసుకోవలసి వచ్చిన 1991లో ప్రధాని పి.వి. నరసింహారావు. ఆ సంస్కరణల్లో భాగంగా నరసింహం కమిటీ సిఫార్సుల మీద రిజర్వు బ్యాంకు 1993లో కొత్త ప్రైవేటు బ్యాంకులకు తలుపు తెరిచింది. ఆ తలుపు గుండా మొదట వచ్చినవాటిలో రమేశ్ గెల్లి నాయకత్వంలో 1994లో సికింద్రాబాద్ కేంద్రంగా పెట్టిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు ఒకటి. ప్రపంచ బ్యాంకు అనుబంధ సంస్థ ఐఎఫ్‌సీ, ఆసియా అభివృద్ధి బ్యాంకు వాటాలు తీసుకోవడంతో జనానికి నమ్మకం కుదిరింది. పబ్లిక్ ఇష్యూకు దరఖాస్తులు వరదలా వచ్చాయి. తర్వాత బ్యాంకు స్టాక్ మార్కెట్ బ్రోకర్లకు, ముఖ్యంగా కేతన్ పరేఖ్ సంస్థలకు, ఇచ్చిన అప్పులు 2001 మార్కెట్ పతనంలో మునిగాయి. యూటీఐ బ్యాంకులో విలీనం ప్రతిపాదన ఆగిపోయింది. 2004 జూలై 24న కేంద్రం మారటోరియం విధించింది. ఖాతాదారు పదివేల రూపాయలకు మించి తీసుకోకూడదు. మూడు వారాల్లోనే, ఆగస్టు 14న, ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు.

ఈ విలీనంలో డిపాజిటర్లకు పైసా పోలేదు. వాటాదారులకు పైసా రాలేదు. ఒక విదేశీ పెట్టుబడి సంస్థ కొత్త మూలధనం పెడతానన్నా రిజర్వు బ్యాంకు ఒప్పుకోలేదు. ఇది కఠినంగా కనిపించినా సరైన నిర్ణయమేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. బ్యాంకు పోతే ముందుగా మునగవలసింది లాభం ఆశించి వాటా కొన్నవాడు, దాచుకోవడానికి డబ్బు ఇచ్చినవాడు కాదు. అయితే బ్యాంకు తనిఖీ నివేదికలు బయటికి రాకపోవడం వల్ల, వాటా కొన్నవాడు తాను కొంటున్నది ఏమిటో తెలుసుకునే వీలు లేకపోయింది.

అదే కాలంలో రాష్ట్ర ప్రభుత్వమే అంతర్జాతీయ రుణగ్రహీత అయింది. 1998లో ప్రపంచ బ్యాంకు ఆంధ్రప్రదేశ్‌కు 54 కోట్ల డాలర్లకు పైగా ఆర్థిక పునర్వ్యవస్థీకరణ రుణం మంజూరు చేసింది. దేశానికి కాకుండా ఒక రాష్ట్రం విధానాలకు ముడిపెట్టి ఇంత పెద్ద అప్పివ్వడం అప్పట్లో కొత్త. విద్యుత్ బోర్డు విభజన, చార్జీల పెంపు దాని వెంటే వచ్చాయి. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో చార్జీలకు వ్యతిరేకంగా వచ్చిన ప్రదర్శన మీద పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. వాషింగ్టన్‌లో కుదిరిన షరతు కరెంటు బిల్లుగా ఇంటికొస్తే ఏమవుతుందో రాష్ట్ర రాజకీయాలు ఆనాడు నేర్చుకున్నాయి.

సత్యం

సత్యం కంప్యూటర్ సర్వీసెస్‌ను బి. రామలింగరాజు 1987లో పెట్టారు. 1990ల మొదట్లో పబ్లిక్ కంపెనీ అయింది. 2001 మే నెలలో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో డిపాజిటరీ షేర్లుగా నమోదైంది. అప్పటి నుంచి దానికి ఇద్దరు కాపలాదారులు: ఇక్కడ సెబీ, అక్కడ అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్, అంటే సెక్. ఎన్రాన్ పతనం తర్వాత 2002లో అమెరికా తెచ్చిన సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం ప్రకారం లెక్కలు నిజమని కంపెనీ అధిపతి స్వయంగా సంతకం చేయాలి. సత్యం తరఫున ఏటా ఆ సంతకం పడింది. ఆడిటర్లు ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయ సంస్థలు. బోర్డులో హార్వర్డ్ ఆచార్యుడు కృష్ణ పాలెపు, పెంటియం చిప్ రూపకర్తల్లో ఒకరైన వినోద్ ధామ్, ఐఎస్‌బీ డీన్ ఎం. రామ్మోహనరావు బయటి డైరెక్టర్లు. 2008 సెప్టెంబరులో కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. కాగితాల మీద లోటన్నది లేదు.

మోసం ఎలా జరిగిందో దగ్గరగా చూడాలి. దర్యాప్తు సంస్థలు తేల్చిన ప్రకారం ఇన్‌వాయిస్‌లు తయారుచేసే సొంత సాఫ్ట్‌వేర్‌లో ఒక ప్రత్యేక లాగిన్ ఉండేది. దాంతో లోపలికి వెళితే ప్రతి ఇన్‌వాయిస్‌కూ ఒక అక్షరం తగిలించవచ్చు. ‘ఎస్’ అంటే అందరికీ కనబడుతుంది. ‘హెచ్’ అంటే వ్యాపార విభాగాలవాళ్ళకు కనబడదు, లెక్కల్లోకి మాత్రం చేరుతుంది. అలా ఆ ప్రాజెక్టు నడిపే మేనేజరుకే తెలియకుండా అతని క్లయింటు పేరు మీద బిల్లు పుట్టేది. సీబీఐ లెక్కించిన నకిలీ ఇన్‌వాయిస్‌లు 7,561. బిల్లు ఉంటే వసూలు కూడా ఉండాలి కదా. అందుకోసం బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు తయారయ్యాయి. లేని డిపాజిట్ మీద లేని వడ్డీ జమైంది. ఆడిటర్లు బ్యాంకులకు నేరుగా రాసి నిల్వలు నిర్ధారించుకునే పనిని తామే చేసి ఉంటే, ఒక్క ఉత్తరంతో కూలిపోయే కట్టడం ఇది.

2008 డిసెంబరు 16న బోర్డు ఒక నిర్ణయం ప్రకటించింది. రాజు కుటుంబానికే చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌ను, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని కలిపి 160 కోట్ల డాలర్లకు కొంటామని. మేటాస్‌ను తిరగేస్తే సత్యం. ఆ పేరులోని తిరగమరగను చాలాకాలంగా ఎవరూ దాచలేదు, ఎవరూ పట్టించుకోనూ లేదు. ఆ రాత్రి న్యూయార్క్‌లో షేరు సగానికి పైగా పడిపోయింది. తెల్లారేసరికి ప్రతిపాదన ఉపసంహరించుకున్నారు. అప్పటికి భారత మార్కెట్లు తెరవనే లేదు. నిజానికి ఈ కొనుగోలు జరిగి ఉంటే లేని నగదు స్థానంలో భూములు వచ్చి చేరేవి, గుట్టు దాగేది. దాన్ని అడ్డుకున్నది సెబీ గానీ సెక్ గానీ కాదు, గంటల్లో షేర్లు అమ్మేసిన వాటాదారులు. వారం తిరిగేసరికి ప్రపంచ బ్యాంకు తన సిబ్బందికి అనుచిత ప్రయోజనాలు చేకూర్చినందుకు సత్యంను ఎనిమిదేళ్ళు బహిష్కరించినట్టు ధ్రువపరిచింది. బయటి డైరెక్టర్లు నలుగురు ఒక్కొక్కరే తప్పుకున్నారు.

2009 జనవరి 7న రామలింగరాజు బోర్డుకు లేఖ రాశారు. 2008 సెప్టెంబరు 30 నాటి బ్యాలెన్స్ షీట్‌లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేవు. వస్తుందని చూపిన వడ్డీ 376 కోట్లు లేదు. చూపని బాకీ 1,230 కోట్లు. రావలసిన బాకీలు 490 కోట్లు ఎక్కువ చూపారు. అన్నీ కలిపితే 7,136 కోట్లు. ఆ త్రైమాసికంలో అసలు నిర్వహణ లాభం 61 కోట్లు. ప్రకటించింది 649 కోట్లు. ఆ ఒక్కరోజే షేరు నాలుగింట మూడు వంతులకు పైగా పడింది.

ప్రభుత్వం ఆ తర్వాత చేసిన పని మాత్రం మెచ్చుకోదగ్గది. కంపెనీ లా బోర్డు ద్వారా రెండు రోజుల్లో పాత బోర్డును తొలగించి దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్ తదితరులను కూర్చోబెట్టారు. జీతాలు ఆగలేదు. ఏప్రిల్ 13న పోటీ వేలంలో షేరుకు 58 రూపాయల చొప్పున టెక్ మహీంద్రా గెలుచుకుంది. మోసగాళ్ళను శిక్షించడం, కంపెనీని బతికించడం వేర్వేరు పనులని తేడా తెలిసి నడిపించిన సందర్భాలు మన దగ్గర తక్కువ.

శిక్ష భాగం నత్తనడక. 2014లో సెబీ రాజు తదితరులను 14 ఏళ్ళు మార్కెట్ నుంచి నిషేధించి, అక్రమ లాభాలుగా 1,849 కోట్లు వడ్డీతో సహా కట్టమంది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చి ఏడేళ్ళ జైలు విధించింది. నెల తిరిగేసరికి అప్పీలులో బెయిలు వచ్చింది. ఆడిటర్లపై సెబీ 2018లో పెట్టిన రెండేళ్ళ నిషేధాన్ని 2019లో సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రైబ్యునల్ కొట్టేసింది.

ఒకే మోసం, రెండు రకాల వాటాదారులు

అమెరికా మార్కెట్లో సత్యం షేర్లు కొన్నవాళ్ళు అక్కడి కోర్టులో క్లాస్ యాక్షన్ దావా వేశారు. వేలమంది తరఫున ఒకే దావా, గెలిస్తే అందరికీ పంపకం. 2011లో కంపెనీ 12.5 కోట్ల డాలర్లకు, ప్రైస్ వాటర్‌హౌస్ 2.55 కోట్ల డాలర్లకు రాజీపడ్డాయి. సెక్‌కు కంపెనీ మరో కోటి డాలర్ల జరిమానా కట్టింది. అబర్డీన్ పెట్టుబడి నిధులు వేరుగా పోరాడి సుమారు 6.8 కోట్ల డాలర్లు రాబట్టుకున్నాయి.

ఇక్కడ షేరు కొన్న మదుపరికి ఏం వచ్చింది? ఏమీ రాలేదు. 1956 కంపెనీల చట్టంలో అలాంటి దావాకు చోటే లేదు. ఇన్వెస్టర్ల సంఘమొకటి జాతీయ వినియోగదారుల కమిషన్‌కు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. ఇంకో సంగతి పత్రికలు అంతగా రాయలేదు. అమెరికన్లకు పరిహారం కట్టింది రాజు కాదు, కంపెనీ. కంపెనీ సొమ్మంటే మిగిలిన వాటాదారుల సొమ్ము. అంటే షేర్లు అట్టిపెట్టుకున్న సికింద్రాబాద్ రిటైర్డ్ ఉద్యోగి, తాను నష్టపోయినది చాలక, న్యూజెర్సీ వాటాదారు నష్టంలో కొంత తన వాటా నుంచి పూడ్చాడు.

2013 కంపెనీల చట్టంలో సత్యం నీడ కనబడని అధ్యాయం అరుదు. ఆడిట్ సంస్థను పదేళ్ళకు మించి కొనసాగించకూడదు. స్వతంత్ర డైరెక్టర్లకు విధుల జాబితా రాశారు. తీవ్ర మోసాల దర్యాప్తు కార్యాలయానికి చట్టబద్ధ హోదా వచ్చింది. పెద్ద కంపెనీల ఆడిటర్లను శిక్షించే అధికారం వాళ్ళ సొంత సంఘం నుంచి తీసి, 2018లో ఏర్పడ్డ నేషనల్ ఫైనాన్షియల్ రిపోర్టింగ్ అథారిటీకి ఇచ్చారు. ప్రమోటర్లు షేర్లు తాకట్టు పెడితే బయటపెట్టాలన్న నిబంధనను సెబీ 2009 జనవరిలోనే తెచ్చింది. 245వ సెక్షన్ క్లాస్ యాక్షన్‌కు దారి తెరిచింది. అమల్లోకి వచ్చింది మాత్రం 2016లో. కోర్టు ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న తేలనంతవరకు దాని వాడకం పలచగానే ఉంటుంది. అమెరికాలో గెలిస్తేనే ఫీజు తీసుకునే లాయర్లు ఆ ఖర్చు భరిస్తారు. మన బార్ కౌన్సిల్ నియమాలు ఆ పద్ధతిని ఒప్పుకోవు.

లేని ఆదాయం మీద పన్ను

లెక్కల్లో ఆదాయం పెంచి చూపితే పన్ను పెరగాలి. దొంగలెక్కకు అదే సహజమైన అడ్డు. సాఫ్ట్‌వేర్ ఎగుమతుల విషయంలో ఆ అడ్డు బలహీనం. 1991లో మొదలైన సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల పథకం కింద, ఆదాయపు పన్ను చట్టం 10ఎ సెక్షన్ ప్రకారం, ఎగుమతి లాభాలకు 2011 మార్చి దాకా మినహాయింపు ఉండేది. మినహాయింపు ఉన్న ఆదాయాన్ని ఎంత ఊదినా పన్ను అంతగా పెరగదు. అయినా లేని వడ్డీ మీద, మరికొన్ని పద్దుల మీద సత్యం నిజంగా పన్ను కట్టింది. కొత్త యాజమాన్యం ఆ ఆదాయం అసలు లేదు కాబట్టి లెక్కలు తిరగరాయమని అడిగితే, పన్నుల శాఖ తిరగరాయకపోగా ఎదురు బాకీ చూపింది; కంపెనీ 617 కోట్ల రూపాయలకు హామీ ఇవ్వవలసి వచ్చింది. రిటర్నులో నువ్వు చెప్పిందే కదా అన్నది శాఖ వాదన. ఆ వివాదం ఏళ్ళ తరబడి హైకోర్టులో నలిగింది.

సరిహద్దు దాటిన పన్ను వివాదాల్లో హైదరాబాద్ పేరు నిలిపింది మాత్రం శాంతా బయోటెక్నిక్స్ కేసు. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో తల్లి పేరు మీద పెట్టిన సంస్థ ఇది. ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ తోడ్పాటుతో నిలదొక్కుకుని, 1997లో దేశంలో మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాను విడుదల చేసింది. దిగుమతి టీకా ధరతో పోలిస్తే చాలా తక్కువకు. 2006లో ఫ్రెంచి మెరియా కుటుంబ సంస్థ ఫ్రాన్స్‌లో షాన్-హెచ్ అనే కంపెనీ పెట్టి, దాని ద్వారా శాంతాలో మెజారిటీ వాటా కొంది. 2009లో సనోఫీ కొన్నది శాంతా షేర్లను కాదు, షాన్-హెచ్ షేర్లను. శాంతా విలువను సుమారు 55 కోట్ల యూరోలుగా లెక్కకట్టారు. అమ్మినవాడు, కొన్నవాడు, చేతులు మారిన షేరు అన్నీ ఫ్రెంచివి. టీకాలు తయారయ్యేది మాత్రం మేడ్చల్‌లో.

అసలు విలువ ఇక్కడి ఫ్యాక్టరీదే, షాన్-హెచ్ ఉత్త డొల్ల, కాబట్టి మూలధన లాభాల పన్ను మాకే రావాలన్నది ఆదాయపు పన్ను శాఖ వాదన. ఇదే తర్కంతో అది వొడాఫోన్ మీదికీ వెళ్ళి 2012 జనవరిలో సుప్రీంకోర్టులో ఓడింది. ఆ వెంటనే పార్లమెంటు 1962 నుంచి వర్తించేలా చట్టాన్ని వెనక్కి సవరించింది. శాంతా కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ గోడా రఘురాం, జస్టిస్ ఎం.ఎస్. రామచంద్రరావు 2013 ఫిబ్రవరి 15న తీర్పిచ్చారు. షాన్-హెచ్‌కు వ్యాపార ప్రయోజనం ఉంది, అది డొల్ల కాదు. భారత్-ఫ్రాన్స్ ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం ప్రకారం ఫ్రెంచి కంపెనీ వాటా అమ్మకంపై పన్ను హక్కు ఫ్రాన్స్‌ది. దేశీయ చట్టాన్ని వెనక్కి సవరించినంత మాత్రాన ఒప్పందం మారదు. ఇద్దరు కలిసి రాసుకున్న పత్రాన్ని ఒకరు ఇంట్లో కూర్చుని దిద్దలేరు. 2020లో అంతర్జాతీయ మధ్యవర్తిత్వంలో వొడాఫోన్, కెయిర్న్ చేతుల్లో ఓడాక, 2021 ఆగస్టులో కేంద్రం ఆ వెనుకటి పన్నును తానే ఎత్తేసింది.

తీర్పు న్యాయపరంగా గట్టిది. ఆర్థికంగా అడగవలసిన ప్రశ్న మిగిలే ఉంది: ఇక్కడి శాస్త్రజ్ఞులు పెంచిన విలువ మీద ఇక్కడ పన్ను రాకపోవడం ఒప్పందం రాసుకున్నప్పుడు ఉద్దేశించినదేనా? మారిషస్ ఒప్పందం విషయంలో భారత్ ఇదే ప్రశ్న వేసుకుని 2016లో సవరించుకుంది. 2017 ఏప్రిల్ తర్వాత కొన్న షేర్ల లాభం మీద హక్కు మనకు వచ్చింది.

చిన్న అప్పు, పెద్ద పెట్టుబడి

గ్రామాల్లో పదివేల అప్పు కూడా అంతర్జాతీయ పెట్టుబడిగా మారిన ఉదంతం సూక్ష్మరుణాలది. విక్రమ్ ఆకుల పెట్టిన ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్‌లో అమెరికా వెంచర్ పెట్టుబడి సంస్థ సెకోయా వాటాదారు. 2010 ఆగస్టులో అది స్టాక్ మార్కెట్‌కెక్కి 1,600 కోట్లకు పైగా సమీకరించింది. వసూళ్ళ ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల మధ్య అక్టోబరు 15న రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది: సంస్థలు జిల్లాల్లో నమోదు కావాలి, వారం వారం వసూలు ఆపాలి. వసూళ్ళు కుప్పకూలాయి. మాలెగాం కమిటీ నివేదిక మీద రిజర్వు బ్యాంకు 2011 చివర్లో ఈ సంస్థలకు ప్రత్యేక వర్గం, వడ్డీకి పరిమితి పెట్టింది. రిజర్వు బ్యాంకు నియంత్రణలోని సంస్థలకు, ఆర్డినెన్స్ స్థానంలో వచ్చిన రాష్ట్ర చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తేల్చింది. రాష్ట్రం చేసింది మొరటు పనే. కానీ అది చేయకపోతే ముంబైలోని రిజర్వు బ్యాంకు కదిలేది కాదు.

పదిహేను శాతం

1998లో మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం వచ్చాక హైదరాబాద్‌లో బహుళజాతి సంస్థల సొంత కేంద్రాలు వందల్లోకి చేరాయి. వీటి పన్ను లెక్క ఒకటే పద్ధతిలో నడుస్తుంది. ఇక్కడి సంస్థ కేంద్రం పని చేస్తుంది, మాతృసంస్థ ఖర్చుతో పాటు కొంత లాభం కలిపి చెల్లిస్తుంది. ఖర్చు 100 రూపాయలై, కలిపింది 15 అయితే ఇక్కడ పన్ను ఆ 15 మీదే. రాసిన ప్రోగ్రాం ప్రపంచమంతా ఎంతకు అమ్ముడుపోయినా ఆ లాభం మేధోహక్కు ఉన్న దేశానిది. ఆ 15 సరైనదా, 25 కావాలా అన్నదే ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ వివాదాల సారం. ఈ నిబంధనలు 2001లో వచ్చాయి. గొడవలు పెరిగాక 2012లో ముందస్తు ధర ఒప్పందాలు, మరుసటి ఏడాది సేఫ్ హార్బర్ నియమాలు చేరాయి.

మేధోహక్కును పన్ను లేని దీవికి తరలించే ఆటకు అడ్డుకట్టగా 2021 అక్టోబరులో 136 దేశాలు పెద్ద కంపెనీలకు కనీసం 15 శాతం పన్ను ఉండాలని ఒప్పుకున్నాయి. ఏడాదికి 75 కోట్ల యూరోల ఆదాయం దాటిన సమూహాలకు ఇది వర్తించాలి. ఒక దేశం తక్కువ వేస్తే మిగతాది ఇంకో దేశం వసూలు చేసుకోవచ్చు. ఒప్పుకున్నవాటిలో భారత్ ఉంది. డిజిటల్ కంపెనీలపై తానే వేసిన ఈక్వలైజేషన్ లెవీలో 2 శాతాన్ని 2024 ఆగస్టులో, 6 శాతాన్ని 2025 ఏప్రిల్‌లో భారత్ ఎత్తేసింది. 2025 జూన్‌లో జీ7 దేశాలు అమెరికా మాతృసంస్థలున్న సమూహాలను ఆ వసూలు నుంచి తప్పించేందుకు అంగీకరించాయి. హైటెక్ సిటీ, గచ్చిబౌలి కేంద్రాల్లో పెద్ద భాగం ఆ మాతృసంస్థలవే. ఇటు ఐక్యరాజ్యసమితిలో పన్నుల మీద వేరే అంతర్జాతీయ ఒడంబడిక రాయడానికి బేరాలు మొదలయ్యాయి. 2025 ఫిబ్రవరిలో అమెరికా వాటి నుంచి లేచి వెళ్ళిపోయింది.